సభాకంపం: వణికే చేయి, చెదిరే దృష్టి

నలుగురి ముందు నిలబడి తాను నేర్చిన విద్యను చూపవలసిన వేళ కళాకారుడి ఒంట్లోనూ మనసులోనూ కలిగే కలవరానికి తెలుగులో సభాకంపం అన్న పేరు ఎంతో కాలంగా ఉంది. మనస్తత్వ శాస్త్ర గ్రంథాలు దాన్నే ప్రదర్శన ఆందోళన అంటున్నాయి. రెండు మాటలూ ఒకే అనుభవానికి పెట్టిన పేర్లే అయినా, మొదటిది వణికే శరీరాన్ని చూసి పెట్టినది, రెండోది ఏమవుతుందో అని ముందుగానే మథనపడే మనసును చూసి పెట్టినది. ఈ విషయం మీద గత వంద సంవత్సరాలకు పైగా సాగిన పరిశోధనను, వైద్యుల చికిత్సలను, గురువుల సలహాలను పక్కపక్కన పెట్టి చూస్తే, శరీరాన్ని అదుపు చేస్తే చాలునని కొందరూ ఆలోచనను సరిదిద్దితే చాలునని మరికొందరూ భావిస్తూ వచ్చారని తెలుస్తుంది. ప్రదర్శన సాగుతున్న క్షణంలో కళాకారుడి గమనం దేనిమీద నిలిచి ఉన్నదన్న మూడో ప్రశ్న ఆలస్యంగా గాని పరిశోధకుల చేతికి రాలేదు. భారతీయ నాట్య సంప్రదాయం మాత్రం దాదాపు ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

సభాకంపాన్ని బిడియంతో కలిపి చూడడం తరచు జరిగే పొరపాటు. బిడియస్థుడు నలుగురిలోకి వెళ్ళడానికే ఇష్టపడడు. సభాకంపం ఉన్న గాయకుడు వేదిక కోసం ఏళ్ళ తరబడి సాధన చేసి, అవకాశం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూసి, తీరా అది వచ్చిన రోజున ఎక్కడికైనా పారిపోతే బాగుండునని అనుకుంటాడు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన రుగ్మతల వర్గీకరణ గ్రంథం అయిదవ కూర్పు, సాంఘిక ఆందోళన రుగ్మత కింద ‘ప్రదర్శనకే పరిమితమైనది’ అన్న ఉపభేదాన్ని చేర్చి, మామూలు మాటామంతీలో ఏ ఇబ్బందీ లేకుండా వేదిక మీద మాత్రమే కుంగిపోయేవారిని వేరుగా గుర్తించింది. సంగీతకారుల ఆందోళన మీద 2011లో సమగ్రమైన గ్రంథం రాసిన ఆస్ట్రేలియా పరిశోధకురాలు డయానా కెన్నీ, ఆ ఒక్క గీతతో పని జరగదని, కొందరిలో అది వేదికకే పరిమితమై ఉంటే, కొందరిలో సాంఘిక భయంతో పెనవేసుకుని, మరికొందరిలో తీవ్రమైన భయోత్పాతంతోనూ కుంగుబాటుతోనూ కలిసి ఉంటుందని చూపింది. ఈ భేదం తెలియక అందరికీ ఒకే మందు చెప్పడం వల్లనే ఈ రంగంలో సలహాలు ఇంత విరివిగానూ ఫలితాలు ఇంత పలచగానూ ఉన్నాయనిపిస్తుంది.

ఎంతమందికి ఈ బాధ ఉన్నదన్న ప్రశ్నకు ఒక్క సంఖ్య దొరకదు. 1987లో అమెరికాలోని 48 వాద్యబృందాలకు చెందిన 2,212 మంది వృత్తి సంగీతకారులను ప్రశ్నించిన సర్వేలో 24 శాతం మంది సభాకంపం తమకు సమస్యేనని, 16 శాతం మంది అది తీవ్రమైనదని చెప్పారు. 2019 నాటి ఒక సమీక్ష వివిధ అధ్యయనాలలో ఈ అంకె 16.5 నుంచి 60 శాతం దాకా ఉన్నదని లెక్కతేల్చింది. ఇంత అంతరం రావడానికి కారణం సంగీతకారుల తేడా కంటే కొలబద్దల తేడాయే కావచ్చు. ‘కచేరీకి ముందు గుండె దడదడలాడుతుందా’ అని అడిగితే కాదనేవారు అరుదు, ‘అందువల్ల కచేరీ మానుకున్నారా’ అని అడిగితే అవుననేవారూ అంతే అరుదు.

సభాకంపానికి భారతీయ వాఙ్మయంలో దొరికే అతి ప్రాచీనమైన వర్ణన నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఉంది. ఇంద్రధ్వజ మహోత్సవంలో భరతుడు ప్రదర్శింపజేసిన తొలి నాటకం దానవుల ఓటమిని చూపడంతో వారు కినిసి, విరూపాక్షుడు ముందుండగా విఘ్నులను ఉసిగొల్పుతారు. ఆ విఘ్నులు రంగస్థలాన్ని కూలదోయరు, నటులను కొట్టరు. మాయతో వారి వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేస్తారు. నోట మాట రాకపోవడం, కాలూ చేయీ ఆడకపోవడం, వచ్చిన పాఠం మరపున పడడం అనే ఈ మూడింటినీ మించి సభాకంపానికి లక్షణం చెప్పడం నేటి ప్రశ్నావళులకు కూడా సాధ్యం కాలేదు. ఇంద్రుడు తన ధ్వజదండంతో విఘ్నులను చితకబాదగా ఆ దండానికి జర్జరమన్న పేరు వచ్చిందని, నటుల రక్షణకే విశ్వకర్మ చేత నాట్యగృహం కట్టించారని, ప్రదర్శనకు ముందు పూర్వరంగమనే పూజావిధానం ఏర్పడిందని కథ సాగుతుంది. పురాణపు ముసుగు తీసి చూస్తే ఇందులో ఉన్నది వృత్తిజ్ఞానమే: నటుడికి రక్షణ ఉన్న చోటు కావాలి, అతడు జనం ముందుకు వచ్చేలోగా ఒంటినీ మనసునూ కుదుటపరచే నిర్ణీతమైన క్రమం కావాలి. అదే గ్రంథం ఇరవై ఏడవ అధ్యాయంలో ప్రదర్శన సిద్ధికి కలిగే ఘాతాలను లెక్కిస్తూ, గాలి, నిప్పు, వాన వంటి దైవికాలనూ, గిట్టనివారు పేడ విసరడం, చీమలు వదలడం వంటి పరకృతాలనూ చెప్పి, నటుడి నుంచే పుట్టేవాటిలో పాఠం మరచిపోవడాన్ని, ఇతరుల మాటలు తాను చెప్పడాన్ని, కిరీటం జారిపడడాన్ని చేర్చింది. చీమల బాధ నేటి సభలకు తప్పింది గాని మిగిలిన జాబితా ఇప్పటికీ చెల్లుతుంది.

ఇంతకంటే లోతైన మాట ఏడవ అధ్యాయంలో ఉంది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలను వాడుక మాటల్లోకి మారిస్తే కొయ్యబారడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారడం, వణకడం, ముఖం పాలిపోవడం, కన్నీరు రావడం, స్పృహ తప్పడం అవుతాయి. సభాకంపానికి వైద్య గ్రంథాలు ఇచ్చే లక్షణాల పట్టికకూ దీనికీ ఉన్న తేడా స్వల్పం. ఒకచోట రోగలక్షణాలుగా లెక్కకు వచ్చినవే మరొకచోట అభినయంలో అన్నిటికంటే దుర్లభమైన సంపదగా ఎలా నిలిచాయన్నది ఈ విషయంలో అసలు ప్రశ్న. భరతుడి సమాధానం సూటిగా ఉంది: సత్త్వం మనసు నుంచి పుడుతుంది, మనసు సమాహితమైనప్పుడు, అంటే ఒకే విషయం మీద కుదురుకున్నప్పుడు పుడుతుంది. చెమట ఒకటే, మనసు పాత్ర మీద నిలిస్తే అది సాత్త్వికం, తన మీదికి తిరిగితే అది కంపం. ఆధునిక పరిశోధన చాలా దూరం తిరిగి ఈ తీరానికే చేరినట్టు కనిపిస్తుంది.

ఆ ప్రయాణం శరీరంతో మొదలయింది. ఆపద ఎదురైనప్పుడు అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి విడిచే అడ్రినలిన్ వల్ల గుండె వేగం పెరిగి, రక్తం పేగుల నుంచి పెద్ద కండరాలకు మళ్ళి, నోరు ఎండి, అరచేతులు చల్లబడి చెమర్చుతాయని వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. పోరాటానికో పరుగుకో ఒంటిని సిద్ధం చేసే ఏర్పాటు అది. కళాకారుడి చిక్కు ఏమిటంటే అతడు పోరాడనూ కూడదు, పరుగెత్తనూ కూడదు. బాసింపట్టు వేసుకుని కూర్చుని వీణ మెట్ల మీద వేలిని వెంట్రుకవాసి తేడాతో జరపాలి. పులిని తప్పించుకోవడానికి పనికివచ్చే శక్తి తోడిరాగంలో గాంధారం పలికించడానికి అడ్డం వస్తుంది.

ప్రతి కళకూ సభాకంపం దెబ్బతీసే అవయవం వేరు. మనిషి చేయి ఎప్పుడూ సెకనుకు 8 నుంచి 12 సార్లు కంటికి కనిపించనంత సన్నగా వణుకుతూనే ఉంటుంది; అడ్రినలిన్ కండరాలలోని బీటా గ్రాహకాల మీద పనిచేసి ఆ వణుకును పెద్దది చేస్తుంది. వాయులీన విద్వాంసుడు వేగంగా స్వరాలు వాయిస్తున్నంతసేపు ఈ వణుకు బయటపడదు, ఎందుకంటే ఒక్కొక్క స్వరానికి కమాను కదిలే కాలం చాలా తక్కువ. విలంబంలో ఒక్క షడ్జాన్ని కమాను మొదలు నుంచి కొసదాకా నెమ్మదిగా లాగవలసి వచ్చినప్పుడు, ముఖ్యంగా కమాను నడిమి భాగం తీగ మీదికి వచ్చేసరికి, అది సన్నగా ఎగిరెగిరి పడుతుంది. దాన్ని ఆపాలని వాయించేవాడు బొటనవేలితో గట్టిగా అదుముతాడు, మణికట్టు బిగుసుకుంటుంది, బిగుసుకున్న మణికట్టు వణుకును తీగకు మరింత నేరుగా చేరవేస్తుంది, ఆ చప్పుడు తన చెవికే వినపడి భయం పెరుగుతుంది. గాయకుడికి ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆగి, నాలుక పిడచకట్టుకుపోయి, తారషడ్జం దగ్గర శ్రుతి తగ్గుతుంది; మృదంగ విద్వాంసుడికి చేతులు బాగానే ఆడుతూ కాలం పరుగెత్తుతుంది. కర్ణాటక సంగీతంలో దశవిధ గమకాలలో ఒకదానికి కంపితమన్న పేరు ఉండడం ఇక్కడ గుర్తుకు రాక మానదు. కోరి తెచ్చుకున్న కంపం గమకం, కోరకుండా వచ్చినది దోషం.

ఉద్వేగం ఎంత ఉంటే మంచిదన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు పరిశోధకుల పేరిట ఒక నియమాన్ని వల్లిస్తుంటాయి: మరీ తక్కువా మరీ ఎక్కువా కాకుండా మధ్యస్థంగా ఉంటే పని బాగా జరుగుతుందని. 1908 నాటి ఆ ప్రయోగం ఎలుకలకు విద్యుత్తు దెబ్బలు ఇచ్చి రెండు పెట్టెల మధ్య తేడాను నేర్పడం గురించినది. తేలిక పాఠాన్ని ఎలుకలు దెబ్బ పెరిగినకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి, కష్టమైన పాఠం దగ్గరే తక్కువ దెబ్బ మేలని తేలింది. ఆ ఎలుకలు నాట్యపు ఎలుకలనే జాతివి కావడం తప్ప ఆ ప్రయోగానికి కళతో చుట్టరికం లేదు. దానికంటే 1965లో రాబర్ట్ జాయన్స్ చేసిన ప్రతిపాదన ఉపయోగకరమైనది: ఇతరులు చూస్తున్నప్పుడు మనిషిలో బాగా పాతుకున్న అలవాటు ముందుకు వస్తుంది, కాబట్టి పూర్తిగా వంటబట్టిన విద్య సభలో ఇంట్లోకంటే బాగా పలుకుతుంది, అరకొరగా వచ్చినది ఇంట్లోకంటే హీనంగా పలుకుతుంది. ఇంట్లో పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా వచ్చే సంగతి సభలో ఎందుకు చెడుతుందో, ‘సాధన చాలలేదు’ అన్న గురువు మాటలో ఎంత నిజం ఉందో దీనివల్ల తెలుస్తుంది.

అయితే ఆ మాటతో సరిపెట్టుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే సాధనలో ఎవరికీ తీసిపోనివారు కూడా ఈ బాధకు గురయ్యారు. సెల్లో వాద్యానికి పర్యాయపదమైన పాబ్లో కసాల్స్‌కు జీవితాంతం కచేరీ ముందు భయం పోలేదు. 1901లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర టామల్‌పైస్ కొండ ఎక్కుతుండగా రాయి దొర్లి ఎడమచేతి వేళ్ళు నలిగినప్పుడు, ఇక సెల్లో వాయించనక్కరలేదన్న ఊరట తనకు ముందుగా కలిగిందని ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. లారెన్స్ ఒలివియేకు సభాకంపం పట్టుకున్నది కుర్రతనంలో కాదు, 1964లో, 57 ఏళ్ళ వయసులో, లండన్ నేషనల్ థియేటర్‌కు అధిపతిగా ఉండగా. అది సుమారు అయిదేళ్ళు వదలలేదు. ఒథెల్లో పాత్రలో ఒంటరిగా వేదిక మీద మిగలవలసిన చోట, ఇయాగో పాత్రధారి ఫ్రాంక్ ఫిన్లేను తనకు కనపడేలా పక్క తెర దగ్గరే నిలబడమని ఆయన బతిమాలుకున్నాడు. పియానో విద్వాంసుడు హోరోవిట్జ్ 1953 నుంచి పన్నెండేళ్ళు ప్రజల ముందుకు రాలేదు. గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు మానేసి శేషజీవితమంతా రికార్డింగు గదిలోనే గడిపాడు. ప్రేక్షకుల సమక్షం సంగీతాన్ని పోటీగా, సాహసక్రీడగా మారుస్తుందన్నది ఆయన వాదం. వారికి విద్య లోపించలేదు, అనుభవం లోపించలేదు. కాబట్టి మరేదో జరిగి ఉండాలి.

ఆ ‘మరేదో’ను పట్టుకున్న సిద్ధాంతాలు 1980ల తర్వాత వచ్చాయి. ఒత్తిడిలో మనిషి తన పనిని తానే కనిపెట్టడం మొదలుపెడతాడని, ఆ కనిపెట్టడమే పనిని చెడగొడుతుందని రాయ్ బామైస్టర్ 1984లో ప్రతిపాదించగా, సయాన్ బైలాక్, థామస్ కార్ 2001లో గోల్ఫ్ ఆటగాళ్ళ మీద చేసిన ప్రయోగాలతో దాన్ని బలపరచారు. నేర్చుకునే దశలో ప్రతి అడుగునూ చూసి చూసి వేసిన పని, అలవాటైన తర్వాత చూడనక్కరలేకుండా ఒక ధారగా సాగుతుంది. భయంలో మనిషి మళ్ళీ ఆ ధారను ఆపి ముక్కలుగా విడదీసి చూడబోతాడు. మెట్లు దిగుతున్నవాడు ఏ కాలు ముందు వేయాలో ఆలోచిస్తే తొట్రుపడినట్టే ఇది. సాంఘిక భయం విషయంలో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో చెప్పినది మరొక మెలిక: భయపడేవాడు ఎదుటివారిని చూడనే చూడడు, ఎదుటివారికి తానెలా కనిపిస్తున్నాడో ఊహించుకుని, ఆ ఊహాచిత్రాన్నే చూస్తుంటాడు. కళ్ళు గట్టిగా మూసుకోవడం, మైకును బిగించి పట్టుకోవడం, అవసరం లేకపోయినా పుస్తకంలోకి తలదూర్చడం వంటి ఆత్మరక్షణ చేష్టలు అప్పటికి ధైర్యం ఇచ్చినట్టే ఉండి, గండం గడిచింది వాటివల్లనే అన్న భ్రమను మిగిల్చి, భయాన్ని పదిలంగా కాపాడతాయి.

స్మృతి విషయంలో ఈ చూపు మరింత ఉపయోగపడుతుంది. కీర్తన పాడేటప్పుడు మరపు ఎక్కడ పడితే అక్కడ రాదు. అనేక కృతులలో చరణం చివరి భాగానికి అనుపల్లవి వరుసే ఉంటుంది. వరుస ఒకటే, సాహిత్యం వేరు. ధారగా పాడుకుంటూ వచ్చిన గొంతు ఆ కూడలికి చేరగానే రెండు దారులు కనిపించి, భయంలో ఉన్న గాయకుడు చరణం సాహిత్యం పాడవలసిన చోట అనుపల్లవి సాహిత్యం అందుకుంటాడు, లేదా ఏది అందుకోవాలో తెలియక నోరు తెరిచి ఆగిపోతాడు. పియానో విద్వాంసురాలు గాబ్రియెలా ఇమ్రె బాఖ్ రచన ఒకదాన్ని కంఠస్థం చేస్తున్న తీరును నెలల తరబడి గమనించి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రోజర్ చాఫిన్ తదితరులు 2002లో రాసిన గ్రంథం, ఇటువంటి కూడళ్ళను మారుడు స్థానాలుగా గుర్తించి, అనుభవజ్ఞులు రచన పొడవునా కొన్ని గుర్తుల్ని ముందుగానే నాటుకుంటారని, తప్పినప్పుడు వెనక్కు పోకుండా తరువాతి గుర్తు దగ్గర అందుకుంటారని చూపింది. ధార ఒక్కటే ఉన్నవాడు తెగితే మొదటికి రావాలి; గుర్తులు కూడా ఉన్నవాడు ఎక్కడి నుంచైనా ఎత్తుకోగలడు. కృతిని మొదటి నుంచి చివరిదాకా వందసార్లు పాడడాన్నే సాధన అనుకునే విద్యార్థికి ఈ రెండో జ్ఞాపకం ఏర్పడదు. చరణం నడుమ నుంచి, అడిగిన పాదం నుంచి, తాళంలో ఎక్కడ వేలు చూపిస్తే అక్కడి నుంచి ఎత్తుకోమని పరీక్షించే గురువులు ఈ పరిశోధన చదవకుండానే దాని సారాన్ని ఆచరణలో పెట్టినవారు.

కంపం కొందరినే ఎందుకు కుంగదీస్తుందన్న దానికి డేవిడ్ బార్లో చెప్పిన మూడు అంతస్తుల వివరణ ఇప్పుడు ఎక్కువ ప్రచారంలో ఉంది: పుట్టుకతో వచ్చిన ఉద్వేగ స్వభావం, చిన్ననాటి అనుభవాల వల్ల లోకం తన అదుపులో లేదన్న భావం, ఒక ప్రత్యేక సందర్భంతో భయాన్ని ముడివేసిన సంఘటన. కళల విషయంలో మూడోది తరచు పదేళ్ళకూ పదిహేనేళ్ళకూ మధ్య జరుగుతుంది. శిక్షణ ఏడెనిమిదేళ్ళ వయసులో మొదలవుతుంది, ఎదుగుతున్న పిల్లకు తన గురించి పదిమంది ఏమనుకుంటున్నారో అన్న స్పృహ తర్వాత మేలుకుంటుంది. అంతవరకు ఆటగా పాడిన పిల్ల ఆ ఏడు వేదిక మీద తప్పడం, దిగివచ్చాక ఇంట్లోవారి ముఖాలు చూడడం రెండూ ఒకేసారి జరుగుతాయి. తప్పును చెడిన స్వరంగా గాక చెడిన పరువుగా భావించే ఇళ్ళలోనూ బళ్ళలోనూ ఈ ముడి గట్టిగా పడుతుంది. ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైన 1996 తరువాత తెలుగునాట బాలగాయకులకు కెమెరా ముందు, తీర్పరుల సమక్షంలో, మార్కుల నీడలో పాడడం పరిచయమైంది. దానివల్ల ఎందరో పైకి వచ్చారు, కాని పాటకూ తీర్పుకూ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా లేని ఆ పద్ధతి తొలి రౌండులోనే వెనుదిరిగిన పిల్లల మీద ఏ ముద్ర వేస్తుందో పట్టించుకున్న దాఖలాలు తక్కువ.

నివారణ మార్గాలలో అన్నిటికంటే త్వరగా పనిచేసేది మాత్ర. గుండె జబ్బుల కోసం జేమ్స్ బ్లాక్ 1960లలో రూపొందించిన ప్రొప్రనలాల్, బీటా గ్రాహకాలను అడ్డుకుని దడనూ వణుకునూ తగ్గిస్తుంది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే జాతికి చెందిన ఆక్స్‌ప్రెనలాల్‌ను 24 మంది తంత్రీవాద్యకారులకు ఇచ్చి, ఎవరు ఏది మింగారో వాయించేవారికీ విన్నవారికీ తెలియకుండా జరిపిన పరీక్ష 1977లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. మందు వేసుకున్నప్పుడు వాద్యం మెరుగుపడిందని, భయం ఎక్కువగా ఉన్నవారికి ఎక్కువ మేలు జరిగిందని తేలింది. పైన చెప్పిన 1987 సర్వేలో 27 శాతం మంది ఈ జాతి మందులు వాడినట్టు చెప్పారు, వారిలో అధికులు వైద్యుడి చీటీ లేకుండానే వాడారు. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలాల్ ప్రాణాపాయం కలిగించగలదు, రక్తపోటు తక్కువగా ఉన్నవారినీ మధుమేహానికి మందు తీసుకునేవారినీ చిక్కుల్లో పెట్టగలదు. స్నేహితుడి జేబులోంచి తీసుకుని వేసుకునే మాత్ర కాదది. ఇంకొక పరిమితి కూడా ఉంది: అది చేతి వణుకును ఆపుతుంది గాని మనసులో నడిచే ఊహాచిత్రాన్ని ఆపలేదు. అందువల్ల అది కమాను పట్టేవాడికి ఉపయోగపడినంతగా సాహిత్యం మరచిపోతానని భయపడేవాడికి ఉపయోగపడదు. మద్యం గురించి, నిద్రమాత్రల గురించి చెప్పవలసింది అంతగా లేదు. అవి భయంతో పాటు వేళ్ళ నేర్పునూ మొద్దుబరుస్తాయి.

మాటలతో చేసే చికిత్సల్లో ఎక్కువ ఆధారాలున్నది ఆలోచననూ ప్రవర్తననూ కలిపి సరిదిద్దే పద్ధతి. 1982లో 53 మంది పియానో వాద్యకారుల మీద, 1991లో మరో బృందం మీద జరిగిన పరీక్షలు దానికి అనుకూలంగా వచ్చాయి. రెండోదానిలో ఆ పద్ధతి బస్పిరోన్ అనే మందుకంటే మెరుగని తేలింది. అయితే 2005లో ఈ రంగాన్నంతా సమీక్షించిన కెన్నీ అధ్యయనాలలో పాల్గొన్నవారి సంఖ్య స్వల్పమని, కొలమానాలు ఒకదానితో ఒకటి పొసగవని హెచ్చరించడం గమనించదగ్గది. ఈ చికిత్స సారం ‘భయపడకు’ అని చెప్పడం కాదు, ‘తప్పు దొర్లితే ఏమవుతుంది’ అన్న ప్రశ్నను చివరిదాకా అడిగించి, ఆ ఊహ నిజమో కాదో వేదిక మీదనే తేల్చుకునేలా చేయడం. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో చూపినది దీనికి దగ్గరగా ఉంది: లోపలి కలవరం తాను అనుకున్నంతగా పైకి కనిపించదన్న సంగతిని ముందుగా వివరించి చెబితే చాలు, ఉపన్యాసకులు మెరుగ్గా మాట్లాడారు.

వీటన్నిటిలో భరతుడికి అతి సమీపంగా వచ్చినది 2014 నాటి ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రయోగం. పాట పాడబోయేవారిలో కొందరిని ‘భయంగా ఉంది’ అని, మరికొందరిని ‘ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనమని చెప్పగా, రెండోవారు శ్రుతిలోనూ లయలోనూ మెరుగ్గా పాడారు. గుండె వేగం తగ్గలేదు. దానికి పెట్టిన పేరు మాత్రమే మారింది. నెమ్మదించు, నెమ్మదించు అని తనకు తాను చెప్పుకునే సర్వసాధారణమైన ఉపాయం ఎందుకు ఫలించదో కూడా దీనివల్ల తెలుస్తుంది: దౌడు తీస్తున్న గుర్రాన్ని ఆపడం కష్టం, దారి మళ్ళించడం సాధ్యం. నిమిషానికి ఆరేడు సార్లుగా ఊపిరిని నిదానించే అభ్యాసం శరీరానికి కొంత ఊరట ఇస్తుందన్న ఆధారాలున్నాయి. ప్రేక్షకులను హాస్యాస్పదంగా ఊహించుకోమనే ప్రసిద్ధమైన సలహాకు మాత్రం ఏ ఆధారమూ లేదు, పైగా అది గమనాన్ని పాట నుంచి మరో చోటికి లాగుతుంది.

భయపడే పరిస్థితిని మాటిమాటికీ ఎదుర్కోవడమే భయానికి విరుగుడన్న సూత్రాన్ని నేటి సంస్థలు యంత్రాలతో అమలు చేస్తున్నాయి. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో తెర వెనుక నిరీక్షణ, దీపాల వెలుగు, తెర మీద కదిలే ప్రేక్షకులతోనూ తీర్పరులతోనూ నిజమైన సభను తలపించే శిక్షణ గదిని ఏర్పాటు చేశారు. తెలుగువారి కళలు ఇదే పనిని యంత్రాలు లేకుండా చేసుకున్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాల కుటుంబాలలో పసిబిడ్డలు ఒడిలో ఉండగానే వేదిక ఎక్కుతారు. పరువు, తీర్పు అనేవి తెలిసే వయసు వచ్చేసరికి వేదిక వారికి ఇంటి వసారాతో సమానమవుతుంది. భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర వెనుక నుంచి సత్యభామ జడ ముందుగా కనిపించి, ముఖం ఆ తరువాత కనిపించడం శృంగార చమత్కారమే అయినా, ప్రేక్షకుల చూపు పడేలోగా నర్తకి పాదాలు దరువు లయలో కుదురుకోవడానికి అది అవకాశం ఇస్తుంది. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ పేరుతో స్థిరపడిన కచేరీ పద్ధతిలో వర్ణం ముందు రావడం కూడా ఇటువంటిదే. ఉపన్యాసకుల మీద జరిగిన అధ్యయనాలు ఆందోళన మొదలుపెట్టడానికి ముందూ తొలి నిమిషంలోనూ శిఖరానికి చేరి తర్వాత క్రమంగా తగ్గుతుందని చెబుతున్నాయి. ఆ తొలి నిమిషాలలో మనోధర్మం అక్కరలేని, బాల్యం నుంచి వేల సార్లు పాడిన, సంగతులు మార్చనవసరం లేని రచన నాలుక మీద ఉండడం కన్నా కాపుదల మరొకటి లేదు.

ఈ కళలన్నిటిలో అష్టావధానం ప్రత్యేకంగా చూడదగ్గది, ఎందుకంటే తక్కిన కళలు చెదరగొట్టేవాటిని వేదిక నుంచి దూరంగా ఉంచితే ఇది వాటిని పిలిచి కుర్చీ వేస్తుంది. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి వంటి అంశాలను ఒక్కొక్క పృచ్ఛకుడు అడుగుతుండగా, అవధాని ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెబుతూ, నడుమ గంట కొట్టేవారి లెక్కను పట్టుకుంటూ, అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయడమే పనిగా పెట్టుకున్న అప్రస్తుత ప్రసంగికుడికి చమత్కారంగా బదులిస్తూ, చివరికి పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిప్పి జనరంజకం చేసిన ఈ ప్రక్రియలో అవధానికి తన గురించి తాను ఆలోచించుకునే తీరిక దొరకదు. గమనంలోని ప్రతి మూలా పనితో నిండిపోతుంది. శిష్యులను చిన్న చిన్న సభల్లో, తెలిసినవారే పృచ్ఛకులుగా కూర్చుండగా సిద్ధం చేసి క్రమంగా పెద్ద సభలకు తీసుకుపోయే పద్ధతి నేటి చికిత్సకులు మెట్టు మెట్టుగా భయాన్ని ఎదుర్కోమని చెప్పే పద్ధతికి భిన్నం కాదు. అయితే సంప్రదాయాన్ని ఆకాశానికి ఎత్తే ముందు ఒక మాట చెప్పుకోవాలి: ఈ ఏర్పాట్లన్నీ నిలిచినవారి సాక్ష్యం మీద ఆధారపడినవి, సభలో తడబడి, గురువు గద్దింపు తిని, ఆ విద్యనే వదిలేసినవారు ఎందరో ఏ చరిత్రలోనూ నమోదు కాలేదు.

సంగీత, నృత్య కళాశాలల పాఠ్యప్రణాళికల్లో రాగలక్షణాలకూ తాళ ప్రస్తారానికీ ఉన్న చోటు ప్రదర్శన శిక్షణకు ఇంకా దక్కలేదు. విద్యార్థి ఏడాది పొడవునా గురువు ఎదుట కూర్చుని నేర్చినదాన్ని పరీక్ష రోజున అపరిచితుల ఎదుట ఒక్కసారి పాడతాడు, ఆ ఒక్కసారికే మార్కులు పడతాయి. మార్కులు లేని సభలు నెలకు ఒకటైనా ఉంటే, అక్కడ తప్పినవారు ఆగకుండా అందుకోవడాన్ని కూడా ఒక విద్యగా నేర్పితే, సమస్యలో చాలా భాగం చికిత్సకుడి దాకా రాదని పైన చూసిన పరిశోధనలన్నీ సూచిస్తున్నాయి. ఇంతలో సభ స్వరూపమే మారిపోయింది. ఒకప్పుడు తప్పిన స్వరం ఆ గాలిలోనే కలిసిపోయేది, దాన్ని విన్నవారు ఆ హాల్లో కూర్చున్న రెండు వందల మందే. ఇప్పుడు ముందు వరుసలో ఎత్తి పట్టుకున్న ఫోన్లు వర్ణం తొలి ఆవర్తనం నుంచే చిత్రీకరిస్తున్నాయి, ఆ రాత్రికే అది యూట్యూబ్‌లో ఉంటుంది. గూల్డ్ సభ నుంచి పారిపోయి రికార్డింగు గదిలో తలదాచుకున్నాడు, తప్పితే మళ్ళీ వాయించే వీలు అక్కడ ఉండేది కనుక. నేటి యువ కళాకారుడికి రికార్డింగు సభలోనే ఎదురుపడుతోంది, మళ్ళీ వాయించే వీలు మాత్రం దానితో రాలేదు.